గోంగూర తొడుగుల నుంచి డిజాక్సిన్ దాకా: గుండెకు మొక్కలు చేసే మేలెంత?

(ఈ నెల పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

గుండె శీర్షికకు ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఆకులు, గింజలు, బెరళ్ల గురించే. వాటిలో కొన్ని ఏరి ఇస్తున్నాం. ఒకే తరహా ప్రశ్నలను కలిపేశాం.

ప్రశ్న: వయసు 47. బీపీ 138/86 చుట్టూ ఉంటోంది. ఇంకా మందులు రాయలేదు. గోంగూర పూల టీ తాగితే బీపీ దిగుతుందని విన్నాను. మేం వారానికి నాలుగుసార్లు గోంగూర పచ్చడి తింటాం కదా, అది చాలదా? – ఖమ్మం పాఠకుడు

జవాబు: చాలదు సరికదా, ఉప్పు లెక్కలో ఎదురు తిరుగుతుంది. పరీక్షించింది ఆకును కాదు. ఎర్ర గోంగూర (మీ వైపు పుంటికూర) పూత రాలాక కాయ చుట్టూ మిగిలే ఎర్రటి, కండగల తొడుగులను. ఆ ఎరుపు ఆంథోసయనిన్లు అనే రంగు పదార్థాలది. అమెరికాలోని టఫ్ట్స్ యూనివర్సిటీలో బీపీ కొంచెం ఎక్కువగా ఉండి మందులు వాడని 65 మందికి రోజుకు మూడు కప్పుల చొప్పున 6 వారాలు ఇచ్చి చూశారు. ఫలితాలు 2010లో వచ్చాయి. పై బీపీ సగటున 7 పాయింట్లు దిగింది. రంగు, రుచి కలిపిన ఉత్తుత్తి పానీయం తాగినవాళ్లకు దిగింది 1 పాయింటు మాత్రమే. కింది బీపీలో చెప్పుకోదగ్గ తేడా లేదు. మొదట్లో బీపీ ఎక్కువగా ఉన్నవాళ్లకు ఎక్కువ తగ్గింది.

కొలత ఇదీ: ఎండిన తొడుగులు ఒకటింబావు గ్రాము (నలిపితే చెంచా లోపే), మరిగించిన నీళ్లు 240 మిల్లీలీటర్లు, మూత పెట్టి 6 నిమిషాలు. ఇలా రోజుకు మూడుసార్లు. పంచదార వేయొద్దు. పులుపు పళ్ల ఎనామిల్‌ను తినేస్తుంది కాబట్టి తాగాక మామూలు నీళ్లతో పుక్కిలించండి. మందారం వేరు, ఇది వేరు. మందార పూలు ఎండబెట్టి ఇదే అనుకుని తాగుతున్నామని ముగ్గురు రాశారు.

ఆరు వారాలు తాగుతూ ఇంట్లో ఉదయం, సాయంత్రం కూర్చుని రెండేసి సార్లు బీపీ కొలిచి రాసుకోండి. సగటు 135/85 దాటే ఉంటే టీ మీద భారం వేయకుండా డాక్టరును కలవండి. ఇప్పటికే బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు చెప్పకుండా మొదలెడితే కళ్లు తిరిగి పడే ప్రమాదం ఉంది. గర్భిణులకు ఈ టీ వద్దు. ఇక ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు రోజు మొత్తానికి 5 గ్రాములు, అంటే చెంచాడు. నిల్వ పచ్చడి తిన్న రోజు ఆ చెంచా ఎక్కడికి పోతుందో మీకే తెలుసు.

ప్రశ్న: మా వారూ నేనూ ఆర్నెల్లుగా అవిసె గింజలు తింటున్నాం. నాకు ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) కాస్త తగ్గింది, ఆయనకు కదల్లేదు. నాకు 56, ఆయనకు 60. ఆడా మగా తేడా ఉంటుందా? – రాజమహేంద్రవరం పాఠకురాలు

జవాబు: ఉండే అవకాశం ఉంది. అవిసెలో మూడు పదార్థాలు పనిచేస్తాయి. ఒకటి ఒమేగా-3 కొవ్వు, రెండోది జిగురు పీచు, మూడోది లిగ్నాన్లు. ఈ లిగ్నాన్లను పేగుల్లోని బ్యాక్టీరియా స్త్రీ హార్మోను ఈస్ట్రోజెన్‌ను కాస్త పోలిన పదార్థాలుగా మారుస్తుంది. 2009లో 28 పరీక్షలను కలిపి చూసినప్పుడు ఎల్‌డీఎల్ తగ్గుదల ఆడవాళ్లలో, అందులోనూ నెలసరి ఆగినవాళ్లలో స్పష్టంగా కనిపించింది. అవిసె నూనె వాడిన పరీక్షల్లో మాత్రం ఎల్‌డీఎల్ తగ్గలేదు. నూనెలో పీచు ఉండదు, లిగ్నాన్లూ దాదాపు ఉండవు.

అయితే మీ వారి విషయంలో ముందు అడగాల్సింది వేరే. ఆయన గింజలు పొడి చేసుకుని తింటున్నారా, నోట్లో వేసుకుని నాలుగు నములు నమిలి మింగేస్తున్నారా? అవిసె పైపొట్టు గట్టిది. నలగని గింజ లోపలికి ఎలా వెళ్లిందో అలాగే బయటికి వచ్చేస్తుంది. ఎల్‌డీఎల్ కదలకపోయినా మానేయమని అనం. కాళ్ల రక్తనాళాలు పూడుకుపోయిన 110 మంది మీద కెనడాలో చేసి 2013లో ప్రకటించిన పరీక్షలో రోజుకు 30 గ్రాముల అవిసె పొడి తిన్నవాళ్ల పై బీపీ ఆర్నెల్లకు దాదాపు 10 పాయింట్లు తక్కువగా ఉంది.

30 గ్రాములంటే సుమారు నాలుగు పెద్ద చెంచాల పొడి. మొదటి వారం ఒక్క పెద్ద చెంచాతో మొదలెట్టి పెంచండి. ఒకేసారి నాలుగూ తింటే కడుపుబ్బరం తప్పదు. పొడి చేశాక గాలి తగిలి త్వరగా కనరెక్కుతుంది, కాబట్టి వారానికి సరిపడా మాత్రమే పట్టి, మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. కారప్పొడిగా చేసుకుంటే గింజలు చిటపటలాడగానే దించేయాలి, ఉప్పు సగానికి తగ్గించాలి. నాలుగు చెంచాలకు 160 కేలరీల దాకా ఉంటాయి. అవి అన్నంలోంచి తగ్గించకపోతే నడుము దగ్గర తేలతాయి.

ప్రశ్న: నాకు 52. రెండేళ్ల క్రితం నెలసరి ఆగింది. అప్పటిదాకా మామూలుగా ఉన్న కొలెస్ట్రాల్ ఇప్పుడు పెరిగింది. సోయాలో ఈస్ట్రోజెన్ ఉంటుంది, తింటే గుండెకు రక్ష అంటున్నారు. అదే కారణంతో మా వారు, అబ్బాయి మీల్‌మేకర్ ముట్టడం లేదు. నేను థైరాయిడ్ మాత్ర కూడా వేసుకుంటాను. – వరంగల్ పాఠకురాలు

జవాబు: ఇందులో నాలుగు ప్రశ్నలున్నాయి. విడివిడిగా చూద్దాం.

నెలసరి ఆగే ఏడాదికి అటూ ఇటూ ఎల్‌డీఎల్ పెరగడం మామూలే. ఈస్ట్రోజెన్ ఉన్నన్నాళ్లూ రక్తంలోని ఎల్‌డీఎల్‌ను పట్టి లాగేసే గ్రాహకాలు కాలేయంలో ఎక్కువగా ఉంటాయి. హార్మోను పడిపోతే అవీ తగ్గుతాయి. కొవ్వు కూడా తుంటి నుంచి పొట్టకు మారుతుంది. అందుకే 40ల్లో మగవాళ్లకున్నంత ముప్పు లేని స్త్రీలు 60లు దాటేకొద్దీ ఆ తేడాను క్రమంగా పోగొట్టుకుంటారు.

సోయాలో ఉన్నది ఈస్ట్రోజెన్ కాదు, దాన్ని కాస్త పోలిన ఐసోఫ్లేవోన్లు అనే మొక్క పదార్థాలు. జెనిస్టీన్, డైడ్జీన్ వాటిలో ముఖ్యమైనవి. ఈస్ట్రోజెన్ గ్రాహకాలు రెండు రకాలు. ఇవి వాటిలో బీటా రకానికే ఎక్కువగా, అదీ బలహీనంగా అంటుకుంటాయి. పైగా డైడ్జీన్‌ను ఈక్వాల్ అనే చురుకైన పదార్థంగా మార్చే బ్యాక్టీరియా అందరి పేగుల్లో ఉండదు. పాశ్చాత్య దేశాల్లో నలుగురిలో ఒకరికి, జపాన్ లాంటి చోట్ల ఇద్దరిలో ఒకరికి మించి ఉంటుంది. ఒకే సోయా ఇద్దరికి రెండు రకాలుగా పనిచేయడానికి ఇదొక కారణం.

రక్ష ఎంత? రోజుకు 25 గ్రాముల సోయా ప్రోటీన్ తింటే ఎల్‌డీఎల్ తగ్గేది 3–4 శాతం. అంటే 150 ఉన్నది 145 అవుతుంది. నెలసరి ఆగిన 350 మంది స్త్రీలకు లాస్ ఏంజెలెస్‌లో రెండున్నరేళ్లకు పైగా రోజూ ఇంతే సోయా ఇచ్చారు. మెడ రక్తనాళం గోడ మందమవడంలో మొత్తం మీద నమ్మదగ్గ తేడా రాలేదని 2011లో తేల్చారు. అసలు ఈస్ట్రోజెన్ మాత్రలే గుండెకు రక్ష అవుతాయని ఒకప్పుడు గట్టిగా నమ్మారు. 16,608 మంది స్త్రీలతో అమెరికాలో జరిగిన పరీక్షలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ (ఇంకో స్త్రీ హార్మోను లాంటి మందు) కలిపి ఇచ్చినప్పుడు గుండెపోట్లు పెరిగాయి. 2002లో దాన్ని మధ్యలోనే ఆపేశారు. కాబట్టి ‘ఈస్ట్రోజెన్ లాంటిది కనుక గుండెకు మంచిది’ అనే లెక్క మొదట్లోనే తప్పు. సోయా మంచిదే, కానీ ఎక్కువగా మాంసం, పామాయిల్ వేపుళ్ల స్థానంలోకి వచ్చినప్పుడు.

25 గ్రాముల ప్రోటీన్‌కు పొడి మీల్‌మేకర్ 50 గ్రాములు కావాలి. వేడినీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, పిండి, ఇంకోసారి కడిగి పిండితే పచ్చి వాసన పోతుంది. నూనెలో వేయించి బిర్యానీలో వేస్తే వచ్చే 3 శాతం కూడా రాదు. డబ్బాల్లో అమ్మే సోయా ప్రోటీన్ పొడుల్లో ఆల్కహాల్‌తో కడిగి తీసినవి ఉంటాయి. వాటిలో ఐసోఫ్లేవోన్లు చాలావరకు పోతాయి.

మగవాళ్ల భయం సంగతి. ఎన్నో పరీక్షలను కలిపి 2010లోనూ, 2021లోనూ చూశారు. సోయా తిన్న మగవాళ్లలో టెస్టోస్టిరాన్ తగ్గలేదు, ఈస్ట్రోజెన్ పెరగలేదు. ఈ పుకారుకు ఆధారంగా చూపేది అమెరికాలో ఒక అరవయ్యేళ్ల మనిషికి ఛాతీ పెరిగిన కేసు. ఆయన తాగింది రోజుకు దాదాపు 3 లీటర్ల సోయా పాలు. మానేశాక తగ్గింది. మీ వారు వారానికి రెండుసార్లు తినే మీల్‌మేకర్ కూరకు, దానికి పోలికే లేదు.

థైరాయిడ్ మాత్ర మాత్రం నిజమైన సమస్య. పేగుల్లో లీవోథైరాక్సిన్ ఒంటబట్టకుండా సోయా అడ్డుపడుతుంది. మాత్ర పరగడుపున, సోయా మధ్యాహ్నం. ఒక వారం రోజూ తిని, తర్వాత నెల మానేసే పద్ధతి వద్దు. కొత్తగా మొదలెడితే 6–8 వారాలకు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) చూపించుకోండి. రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స పొందినవాళ్లు ఐసోఫ్లేవోన్ మాత్రలు సొంతంగా వేసుకోకూడదు.

ప్రశ్న: తవుడు నూనెలో ఒరిజనాల్, ఫైటోస్టెరాల్స్ ఉంటాయని దానికి మారాం. పొద్దున్నే చెంచాడు నానబెట్టిన మెంతులు కూడా. ఏడాదైనా కొలెస్ట్రాల్ అంతే ఉంది. – నెల్లూరు పాఠకుడు

జవాబు: ఎంచుకున్న పదార్థాలు సరైనవే, మోతాదు సరిపోలేదు. ఫైటోస్టెరాల్ ఆకారంలో కొలెస్ట్రాల్‌కు కవల లాంటిది. పేగులో దాని చోటు ఆక్రమించి లోపలికి పోనివ్వదు. రోజుకు 2 గ్రాములు అందితే ఎల్‌డీఎల్ 8–10 శాతం తగ్గుతుంది. 100 గ్రాముల తవుడు నూనెలో ఉండేది సుమారు 1.2 గ్రాములు. అంటే 2 గ్రాముల కోసం 165 గ్రాముల పైన నూనె, దాదాపు 1,500 కేలరీలు తాగాలి! నూనె మార్చడం తప్పు కాదు, కానీ మార్చాం కదా అని రెండు గరిటెలు ఎక్కువ పోయడం తప్పు.

మెంతుల కథా అంతే. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1990లో ప్రకటించిన మధుమేహుల పరీక్షలో కొలెస్ట్రాల్ తగ్గింది నిజమే. అక్కడ ఇచ్చింది కొవ్వు తీసిన మెంతిపొడి, రోజుకు 100 గ్రాములు. మీ చెంచాలో ఉన్నది 4 గ్రాములు. రోజుకు 100 గ్రాముల మెంతులు ఎవరూ తినలేరు, తినమనం కూడా. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లకైతే చక్కెర పడిపోతుంది.

తినగలిగిన మోతాదులో పనిచేసేది జిగురు పీచు. ఓట్స్‌లోని బీటా గ్లూకాన్ రోజుకు 3 గ్రాములు అందాలంటే పొడి ఓట్స్ 75 గ్రాములు, అంటే పెద్ద కప్పు నిండా కావాలి. దాంతో 5 శాతం అటూ ఇటూ తగ్గుతుంది. పొట్లాల్లో వచ్చే మసాలా ఓట్స్ ఒక పొట్లానికి 40 గ్రాములు ఉండదు, పైగా ఉప్పు. ఇసబ్‌గోల్ పొట్టు రోజుకు 10 గ్రాములు, రెండు భాగాలుగా భోజనానికి ముందు వేసుకోవచ్చు. ఒక్కో భాగానికి పెద్ద గ్లాసు నీళ్లు తప్పనిసరి. నీళ్లు తగ్గితే గొంతులోనే ఉబ్బి అడ్డుపడుతుంది. మింగడానికి ఇబ్బంది పడే పెద్దవాళ్లకు ఇవ్వకండి. మిగతా మాత్రలకు, దీనికి రెండు గంటల ఎడం ఉండాలి. మూడు నెలల తర్వాత పరీక్ష చేయించుకోండి. ఈలోగా చేయిస్తే తేలేదేమీ ఉండదు.

ప్రశ్న: మా అమ్మకు 71. గుండె బలహీనపడిందని డిజాక్సిన్ ఇచ్చారు. అది ఆకు నుంచి తీసిన మందే, ప్రమాదం లేదంటున్నారు బంధువులు. వారంగా అన్నం సయించడం లేదు, వాంతి వచ్చినట్టుంటోంది. దగ్గుకు అతిమధురం కషాయం ఇస్తున్నాం. – తెనాలి పాఠకురాలు

జవాబు: పత్రిక చదివేదాకా ఆగకండని మీకు ఫోన్లో చెప్పాం. ఇక్కడ రాస్తున్నది మిగతా ఇళ్ల కోసం.

ఆకు నుంచి వచ్చిందన్నది నిజం. ఫాక్స్‌గ్లోవ్ అనే మొక్క ఆకులతో నీరు పట్టిన రోగులకు వైద్యం చేసిన తీరును విలియం విదరింగ్ అనే ఇంగ్లండ్ వైద్యుడు 1785లో పుస్తకంగా వేశాడు. మోతాదు మించితే ఏమవుతుందో కూడా అందులోనే ఉంది: వాంతులు, చూపు పసుపు పచ్చగా మారడం, నాడి మందగించడం. 240 ఏళ్ల తర్వాతా అవే లక్షణాలు. వృద్ధుల్లో మొదట కనిపించేది ఆకలి పోవడమే. దాన్ని వయసు ఖాతాలో వేసేస్తాం.

గుండె కండరంలో సోడియం, పొటాషియంలను నడిపే పంపును డిజాక్సిన్ అడ్డుకుంటుంది. దాంతో కణంలో కాల్షియం పెరిగి కండరం గట్టిగా ముడుచుకుంటుంది. రక్తంలో పొటాషియం తగ్గితే ఈ మందు పట్టు బిగుస్తుంది. అతిమధురంలోని గ్లిసరైజిన్ సరిగ్గా అదే పని చేస్తుంది: పొటాషియంను మూత్రంలో పంపేస్తుంది, ఒంట్లో నీరు నిలబెడుతుంది, బీపీ పెంచుతుంది. నీరు పోయే మాత్రలు (ఫ్రూసెమైడ్ లాంటివి) కూడా ఉంటే మూడూ కలిసి గుండె లయనే తప్పిస్తాయి. గుండె జబ్బు ఉన్న ఇంట్లో అతిమధురం కషాయం వద్దు.

ఆడవాళ్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. 6,800 మంది రోగులతో చేసిన డిజాక్సిన్ పరీక్ష ఫలితాలు 1997లో వచ్చాయి. వాటినే 2002లో స్త్రీ, పురుషులుగా విడదీసి మళ్లీ లెక్కగట్టారు. మందు వాడిన స్త్రీలలో 33.1 శాతం, ఉత్తుత్తి మాత్ర వాడిన స్త్రీలలో 28.9 శాతం చనిపోయారు. మగవాళ్లలో ఆ తేడా లేదు. స్త్రీల శరీరం చిన్నది, మూత్రపిండాల వడపోత తక్కువ, అదే మాత్రకు రక్తంలో మందు ఎక్కువ నిలుస్తుంది. ఇప్పుడు రక్తంలో మోతాదు మిల్లీలీటరుకు 0.5–0.9 నానోగ్రాముల మధ్య ఉంచుతారు. రక్తం తీసేది మాత్ర వేసుకున్న 6 గంటల తర్వాతే. ముందే తీస్తే అంకె ఎక్కువ వచ్చి అనవసరపు కంగారు. దాంతో పాటు పొటాషియం, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పే పరీక్ష) చూడాలి. నాడి నిమిషానికి 60 కంటే తగ్గితే ఆ పూట మాత్ర వేయకముందే డాక్టరుకు ఫోన్ చేయండి.

ఇంకో మాట. మన పెరట్లోని గన్నేరు, పచ్చ గన్నేరుల్లో ఉండే విషం డిజాక్సిన్ జాతిదే. ఎవరు చెప్పినా వాటి ఆకూ కాయా కషాయంలో పడకూడదు. పొరపాటున పడితే ఇంటి చిట్కాలు కాదు, నేరుగా పెద్దాసుపత్రి.

ప్రశ్న: కొలెస్ట్రాల్‌కు అటోర్వాస్టాటిన్ (స్టాటిన్ రకం మాత్ర) రాత్రి వేసుకుంటాను. పంపరపనస ఉదయం తింటే ఫర్వాలేదా? మా అన్నయ్యకు గుండె కవాటం మార్చారు, రక్తం గడ్డకట్టకుండా ఎసినోకొమరాల్ వాడతాడు. ఆకుకూరలు పూర్తిగా మానేశాడు. – శ్రీకాకుళం పాఠకుడు

జవాబు: ఉదయం, రాత్రి అని విడదీస్తే సరిపోదు. పంపరపనస, గ్రేప్‌ఫ్రూట్‌లలోని ఫ్యూరనోకౌమరిన్లు పేగు గోడలో మందును విరిచే ఎంజైమ్‌ను పాడుచేస్తాయి. కొత్త ఎంజైమ్ తయారయ్యేదాకా, అంటే ఒకటి నుంచి మూడు రోజులు, మందు ఎక్కువగా రక్తంలోకి వెళుతుంది. కండరాల నొప్పులు, మూత్రం ముదురు రంగులోకి మారడం దాని గుర్తులు. అప్పుడప్పుడు రెండు తొనలు తింటే కొంపలు మునగవు గానీ సీజన్లో రోజూ కాయ తినే అలవాటుంటే రోసువాస్టాటిన్‌కు మార్చమని అడగండి, దానికి ఈ గొడవ లేదు. బత్తాయి, కమలా హాయిగా తినండి.

మీ అన్నయ్య చేసింది అతి జాగ్రత్త. ఆకుకూరల్లోని విటమిన్-కె ఆ మందుకు ఎదురు పనిచేస్తుంది, నిజమే. కానీ మోతాదు కుదిర్చేది ఆయన తినే తిండిని బట్టే. పూర్తిగా మానేసి, ఒక పెళ్లిలో తోటకూర పప్పు కడుపునిండా తిన్నప్పుడే ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే వేగం చెప్పే పరీక్ష) తలకిందులవుతుంది. వారానికి మూడుసార్లు, ఒక్కో కప్పు అని ఖాయం చేసుకుని, మళ్లీ మొదలెట్టే ముందు డాక్టరుకు చెప్పి, వారం తర్వాత ఐఎన్ఆర్ చూపించుకోవాలి. మునగాకు పొడి, గ్రీన్ టీ మాత్రలు లాంటివి మధ్యలో చొప్పించకూడదు.

ప్రశ్న: స్టాటిన్ పడక ఆపేశాను, ఒళ్లు నొప్పులు. ఇక్కడ రెడ్ ఈస్ట్ రైస్ క్యాప్సూళ్లు దొరుకుతున్నాయి. సహజమైనవి కదా? – డల్లాస్ పాఠకుడు

జవాబు: మీరు ఆపేసిన మందునే ఇంకో సీసాలో కొంటున్నారు. బియ్యాన్ని ఎర్ర బూజుతో పులియబెడితే తయారయ్యే మొనకోలిన్-కె, 1987లో అమెరికాలో అనుమతి పొందిన తొలి స్టాటిన్ లోవాస్టాటిన్, రెండూ ఒకే పదార్థం. నొప్పులూ రావచ్చు. తేడా ఏమిటంటే సీసాలో ఎంత ఉందో తెలియదు. అక్కడి 28 బ్రాండ్లను పరీక్షించి 2017లో ప్రకటించినప్పుడు కొన్నింటిలో అసలేమీ లేదు, ఉన్నవాటిలో ఒకదానికీ ఇంకోదానికీ 60 రెట్లకు పైగా తేడా. ఐరోపా యూనియన్ 2022లో ఈ మొనకోలిన్లకు రోజుకు 3 మిల్లీగ్రాముల లోపు అని హద్దు పెట్టింది. బూజు సరిగ్గా పెరగకపోతే సిట్రినిన్ అనే మూత్రపిండాల విషం కూడా పుడుతుంది. వైద్యుడిని అడగాల్సింది తక్కువ మోతాదు, రోజు విడిచి రోజు వేసుకునే స్టాటిన్, లేదా ఎజెటిమైబ్ (స్టాటిన్ కాని కొలెస్ట్రాల్ మందు) గురించి. గర్భం ధరించే అవకాశం ఉన్న ఆడవాళ్లు ఈ క్యాప్సూళ్ల జోలికే వెళ్లకూడదు.

ప్రశ్న: తెల్లమద్ది బెరడు, గుగ్గులు – వీటిలో ఏది మేలు? – కర్నూలు, సిద్దిపేట పాఠకులు

జవాబు: గుగ్గులు కొలెస్ట్రాల్‌కు పనిచేస్తుందని ఎంతో కాలం అనుకున్నారు. అమెరికాలో 103 మందికి 8 వారాలిచ్చి 2003లో ప్రకటించిన పరీక్షలో ఎల్‌డీఎల్ తగ్గకపోగా 4–5 శాతం పెరిగింది. కొందరికి ఒళ్లంతా దద్దుర్లు. తెల్లమద్ది కాస్త నయం. ఛాతీ నొప్పి ఉన్న 58 మంది మగవాళ్లకు బెరడు సారం 500 మిల్లీగ్రాముల చొప్పున 8 గంటలకోసారి ఇస్తే నడక సామర్థ్యం పెరిగిందని 2002లో మన దేశంలోనే చూపించారు. చిన్న పరీక్ష, కొద్ది రోజులది, ఆడవాళ్లు లేరు. ఉన్న మందులకు అదనంగా, డాక్టరుకు తెలిపి వాడుకోవచ్చు. ఉన్న మందులు ఆపి కాదు.

ప్రశ్న: వచ్చే నెల కంటి ఆపరేషన్. వెల్లుల్లి క్యాప్సూళ్లు ఆపాలా? – విజయవాడ పాఠకురాలు

జవాబు: వారం, పది రోజుల ముందే ఆపి, ఆ సంగతి కంటి డాక్టరుకు చెప్పండి. వెల్లుల్లి సారం రక్తం గడ్డకట్టడాన్ని ఆలస్యం చేస్తుంది. ఆస్పిరిన్ లాంటివి కూడా ఉంటే వాటిని మీరుగా ఆపొద్దు, రాసిన గుండె డాక్టరునే అడగండి. పోపులో వేసే నాలుగు రెబ్బలకు భయం లేదు. వేడికి అల్లిసిన్ (వెల్లుల్లి ఘాటుకు మూలమైన పదార్థం) తయారుచేసే ఎంజైమ్ చచ్చిపోతుంది. అది కావాలనుకునేవాళ్లు రెబ్బలు దంచి పది నిమిషాలు పక్కన పెట్టి, ఆ తర్వాత కూరలో వేసుకోవాలి.